బీ-ఫారం మీద నా దస్తూరి

పోయిన వారం మా మట్టెవాడ చాయ్ హోటల్లో ముగ్గురు పిల్లలు నన్ను పట్టుకున్నారు. పిల్లలంటే మరీ పిల్లలేం కాదు, పాతికేళ్ళు దాటినవాళ్ళే. ముగ్గురూ అవతలి పార్టీ వాళ్ళు. మొన్నటి దాకా అధికారంలో ఉండి, ఓడిపోయి, ఇప్పుడు ఆఫీసుకి పోతే పలకరించే దిక్కు లేక ఆ హోటల్లో కూర్చుంటున్నారు. అందులో ఒకడు నా పక్కకు కుర్చీ జరుపుకొని అడిగాడు.

"పెద్దనాయినా, మీ పార్టీ రెండుసార్లు ఓడిపోయి మళ్ళ లేచింది గద. ఎట్ల లేచిండ్రో జర చెప్పుండ్రి. మేం గూడ గట్లనే జేస్తం."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు, వాడికేం తెలుసు పాపం. మేం ఎలా లేచామో మా నాయకులు టీవీల్లో కూర్చుని ఏడాదిగా చెబుతున్నారు. వ్యూహం అంటారు, గ్రామస్థాయి నుంచి పునర్నిర్మాణం అంటారు. అదంతా ఈ పిల్లలు నోట్ చేసుకున్నారట. చాయ్ తాగి, రాసిస్తానని చెప్పి వచ్చేశాను. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. మా పార్టీ పిల్లలు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

నేను హన్మకొండలో మా పార్టీ జిల్లా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు ఆఫీసు కార్యదర్శిగా పనిచేశాను. పేరు వింటే పెద్ద పదవిలా ఉంటుంది. పని మాత్రం ఉత్తరాలు రాయడం, ప్రెస్ నోట్లు పంపడం, బీరువా తాళాలు దాచడం, మీటింగుకి ఎవరెవరు వచ్చారో రిజిస్టర్లో ఎక్కించడం. నేను నాయకుణ్ణి కాదు. నా ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఎక్కలేదు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నా దస్తూరి. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉంటాయని నలుగురు అధ్యక్షులు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పుకి నేను కూడా బాగానే పొంగిపోయాను.

మన దగ్గర పార్టీలు ఎన్ని ఉన్నా ఓటు దగ్గరికి వచ్చేసరికి రెండే. ఒకటి కుర్చీలో ఉంటుంది, ఇంకొకటి బయట ఉంటుంది. బయట ఉన్నప్పుడు మా వాళ్ళకి ఒక ధీమా ఉండేది. జనానికి వాళ్ళ మీద విసుగు పుడితే మన దగ్గరికి రాక ఎక్కడికి పోతారు అని. మొదటిసారి ఓడినప్పుడు ఆ మాటే అనుకుంటూ అయిదేళ్ళు కూర్చున్నారు. రెండోసారి ఇంకా ఘోరంగా ఓడాక కూడా అదే మాట అన్నారు.

ఆ రెండో ఓటమి తర్వాత సమీక్షా సమావేశం పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. సమీక్ష పదింటికి మొదలు కావాలి. పన్నెండున్నర దాకా వేదిక మీద కుర్చీల లొల్లే నడిచింది. మాజీలందరికీ పైనే కావాలి. మాజీల బంధువులకి కూడా పైనే కావాలి. టెంట్ హౌస్ వాడు కింద వేసిన కుర్చీలు పైకి మోసీ మోసీ అలిసిపోయాడు. చివరికి లెక్క చూస్తే వేదిక మీద ఇరవై ఏడు మంది, కింద పంతొమ్మిది మంది ఉన్నారు. నేను రిజిస్టర్లో మాత్రం 'కార్యకర్తలు భారీగా తరలివచ్చారు' అని రాశాను.

మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఓటమికి ఒక కారణం చెప్పారు. మిషన్లు మోసం చేశాయన్నారు, టికెట్లు తప్పు మనుషులకి ఇచ్చారన్నారు, వాన పడిందన్నారు. ఏటూరునాగారం నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన వెనక వరసలో చెయ్యెత్తి కూర్చున్నాడు. ఆయనకి మైకు అందనే లేదు. భోజనాల దగ్గర నేనే అడిగాను, ఏం చెబుదామనుకున్నావు కాకా అని.

"మా పోలింగ్ బూతుల ఓట్లనాడు మనోడు ఒక్కడు కూసోలే బిడ్డా. మస్తు ఫోన్లు చేసిన, ఎవ్వలెత్తలే. గదే చెప్దామని అచ్చిన," అన్నాడు.

ఆయన మాట వేదిక మీద ఉన్న ఇరవై ఏడు మందిలో ఎవరి చెవికీ చేరలేదు. కానీ మా పక్కనే విస్తరి ముందు కూర్చున్న పరిశీలకుడు విన్నాడు. తిని చెయ్యి కడుక్కుని నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి, బూత్ కమిటీల జాబితా తీయమన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ప్రతి బూత్‌కి పది మంది కమిటీ ఉండాలని మా పార్టీ నియమం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మండలాల నుంచి కొత్త జాబితా తెప్పించాలి. మండల నాయకులు పంపరు. నేను రెండుసార్లు ఫోన్ చేసి, విసిగి, పాత జాబితా ముందు పెట్టుకుని పైన తేదీ మాత్రం మార్చి కొత్త రిజిస్టర్లోకి ఎక్కించేవాణ్ణి. పదిహేనేళ్ళు అలాగే చేశాను. ఎంత అందంగా రాశానంటే చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

పరిశీలకుడు మొండి మనిషి. రిజిస్టర్ తెరిచి ధర్మసాగర్ మండలంలోని ఒక ఊరి పేజీ మీద వేలు పెట్టాడు. మొదటి పేరుకి ఫోన్ చేసి, నాకు కూడా వినబడేలా స్పీకర్ పెట్టాడు. కొడుకు ఎత్తాడు.

"మా నాయిన సచ్చిపోయి ఏడేండ్లాయె సారూ. దినాలకు రమ్మని మీ ఆఫీసుల గూడ చెప్పినం. ఎవ్వలు రాలే."

రెండో పేరుకి చేశాడు. ఆ మనిషి నవ్వాడు. "నేను అవతల పార్టీల చేరి నాలుగేండ్లయితాంది. అయినా ఉండనియ్యుండ్రి నా పేరు, ఏమైతది."

మూడో పేరు ఒక ఆడమనిషిది. రెండు రింగులకే ఎత్తింది. పార్టీ ఆఫీసు నుంచి అని పరిశీలకుడు చెప్పాడు.

"నిజంగ పార్టీ ఆఫీసేనా? ఇన్నేండ్లకు గుర్తుకొచ్చిన్నా సారూ? ఇప్పుడు పొలంల ఉన్న, నాట్లు ఏస్తానం. ఉత్తగ చేసిండ్రా, పనేమన్న ఉన్నదా?"

పరిశీలకుడు ఫోన్ పెట్టేసి రిజిస్టర్ మూసి నా వైపు చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మీ దస్తూరి బాగుంది," అని మాత్రం అన్నాడు. తర్వాత, ఆ మండలంలో ప్రతి బూత్‌కి నన్ను స్వయంగా పోయి, బతికున్నవాళ్ళెవరో పనిచేస్తున్నదెవరో చూసి నిజం రాసుకు రమ్మన్నాడు. అరవై దాటాక నాకు ఊళ్ళు తిరిగే పని పడింది.

నా స్కూటర్ మీద ఇరవై రోజులు తిరిగాను. ఒక ఊళ్ళో మా కమిటీ అధ్యక్షుడి ఇంటి మీద అవతలి పార్టీ జెండా ఎగురుతోంది. ఇంకో ఊళ్ళో పది పేర్లలో ఆరు ఒకే ఇంటివి, అందులో ఒకటి పెళ్ళై పోయిన కూతురిది. రిజర్వాయర్ కట్ట మీద స్కూటర్ ఆపి, మంచినీళ్ళు తాగుతూ, ఈ పార్టీని ఓడించడానికి ఎవరూ కష్టపడనక్కర లేదని నాలో నేను తిట్టుకున్న రోజులు ఉన్నాయి.

ఆ మూడో పేరు మనిషి ఊరికి మాత్రం ఆఖర్న పోయాను. నలభై అయిదేళ్ళుంటాయి ఆమెకి. భర్త లేడు. నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. పద్నాలుగు మందిని వెంటేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది కాబట్టి ఎవరింట్లో ఏం నడుస్తోందో ఆమెకి తెలుసు. ఎవరి పింఛను ఆగింది, ఎవరి రేషన్ కార్డులో పేరు పోయింది, ఎవరి ముసలమ్మ దవాఖానలో ఉంది, అన్నీ నోటికి చెప్పింది. వారానికోసారి మండలాఫీసుకి పోయి అధికారులతో కొట్లాడుతుంది. ఈ పని చెయ్యమని ఆమెకి మా పార్టీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని మాకు తట్టలేదు.

"ఊళ్ళ జనం మన పార్టీని బాగా తిడుతున్నరా చెల్లె?" అని అడిగాను.

"తిడితే మంచిగుండు సారూ. తిడుతలేరు. మర్చిపోయిండ్రు," అంది.

"అవతలోళ్ళు నిన్ను పిలువలేదా?"

"పిలువకేంది. రెండుసార్లు ఇంటికొచ్చిండ్రు. పోతే గీ పింఛన్ల కోసం ఇగ నేను ఎవ్వల మీద కొట్లాడాలె? ఎవ్వలో ఒగలు ఇవతల ఉండాలె గద."

ఆఫీసుకి తిరిగొచ్చి, బీరువాలో కట్టలు కట్టి పడేసిన బూత్‌ల వారీ ఓట్ల కాగితాలు విప్పాను. ఎన్నిక అయిన నాటి నుంచి వాటి తాడు విప్పినవాడు లేడు. ఆ మండలంలో అన్ని చోట్లా మేం చిత్తుగా ఓడాం. ఒక్క ఆమె బూత్‌లో గెలిచాం. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా కలిగింది. ఆ వారం కూర్చుని పదకొండు పేజీల నివేదిక రాశాను. ఆఫీసులో నేను రాసిన మొదటి నిజమైన కాగితం అది. పరిషత్ ఎన్నికల్లో ఆ ఊరి ఎంపీటీసీ స్థానం మహిళలకి వస్తే టికెట్ ఈమెకే ఇవ్వాలని ఆఖరి పేజీలో రాశాను. పరిశీలకుడు చదివి, అదే మాట ఆమెకి ఫోన్‌లో చెప్పాడు. మహిళలకే వచ్చింది కూడా. ఆమె పార్టీ పేరున నామినేషన్ వేసింది.

అప్పుడు దిగాడు ఒక పెద్దమనిషి. మా పార్టీ వల్లే పైకొచ్చి, మేం మొదటిసారి ఓడిన నెలకే అవతలి పార్టీలోకి దూకినవాడు. అక్కడ పట్టించుకోకపోయేసరికి యాభై కార్లతో ఊరేగింపుగా తిరిగొచ్చాడు. మా అధ్యక్షుడు ఆయన మెడలో కండువా వేసి, కన్నీళ్ళతో అది తడిసేలా కౌగిలించుకున్నాడు. "ఇగ మనకు బలం వచ్చింది," అన్నాడు. ఆ బలం వచ్చిన మర్నాడే ఆ పెద్దమనిషి తన భార్య చేత అదే ఎంపీటీసీ స్థానానికి నామినేషన్ వేయించాడు. ఆ ఇల్లాలు ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చూడలేదు.

బీ-ఫారం గురించి కొత్తవాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఒకే పార్టీ పేరున ఎంతమంది నామినేషన్ వేసినా, అధ్యక్షుడి సంతకంతో ఎవరి పేరున బీ-ఫారం అందితే వాళ్ళకే పార్టీ గుర్తు. నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు అది అధికారి చేతిలో పడాలి. మా పార్టీలో ఆ ఫారాన్ని ఆఖరి గంట దాకా సంచిలోనే దాచడం ఆచారం. ముందే ఇస్తే రానివాళ్ళు అలిగి తిరగబడతారని భయం. ఆఖరి గంటలో ఇస్తే తిరగబడటానికి టైం ఉండదట. ఈ తెలివి ఎవడు కనిపెట్టాడో తెలియదు కానీ మేం దాన్ని పూజ లాగా పాటించేవాళ్ళం.

ముందు రోజు పరిశీలకుడు పట్టుబట్టి కూర్చుంటే అధ్యక్షుడు సరే అన్నాడు. నా చేత ఆమె పేరే రాయించి సంతకం పెట్టాడు. పేరు రాయని ఇంకో ఫారం మీద కూడా సంతకం పెట్టి, ఖరాబైతే పనికొస్తుందని నా సంచిలో వేశాడు. అది ఎందుకో నాకు అర్థం కాలేదని చెబితే మీరు నమ్మకండి.

పదకొండింటికి మండలాఫీసుకి చేరాను. గేటు దగ్గర ఆమె, ఆమె ముఠాలో ఎనిమిది మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ పూట కూలి వదులుకుని వచ్చారు.

"ఫారం అచ్చిందా సారూ?"

"వచ్చింది చెల్లె. నీ పేరే."

"మరి ఇచ్చెయ్యరాదుండ్రి లోపల. మాకు ఇంకో రెండు మళ్ళు నాటేవి ఉన్నయి, పోతం."

ఇచ్చేస్తే రెండు నిమిషాల పని. లోపల అధికారి ఖాళీగా కూర్చుని పేపర్ చదువుతున్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఆఖరి గంట దాకా ఆగాలె చెల్లె, మన పద్ధతి గట్లనే," అన్నాను. ఆ తొమ్మిది మందినీ ఎండలో మూడు గంటలు నిలబెట్టాను. ఏమీ జరగదులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన తప్పులన్నీ ఒకెత్తు, ఆ మూడు గంటలు ఒకెత్తు.

రెండు ఇరవైకి ఫోన్ మోగింది. అధ్యక్షుడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న, అయినా మేమంతా ఆయన్ని అన్నా అనే పిలుస్తాం.

"సంచిల ఇంకోటి ఉన్నది గద? దాని మీద ఆయన భార్య పేరు రాసి ఇచ్చెయ్."

"ఆమెకు మాటిచ్చినం కదన్నా," అన్నాను.

"ఒక్క బూతు గెలిస్తే మండలం గెలుస్తదా? ఆయన ఎనుక యాభై బండ్లున్నయి. జర ప్రాక్టికల్‌గ ఉండాలె. పరిశీలకునికి నేను చెప్పుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు."

బండ్లకు ఓట్లుంటాయా అన్నా అని అడగాలనుకున్నాను. నామినేషన్ వేసిన ఇల్లాలు ఎక్కడుందో కనీసం చూపించమని అడగాలనుకున్నాను. ఫోన్ కలవలేదని చెప్పి ఆమె ఫారమే ఇచ్చేస్తే నన్ను ఏం చేస్తారు, ఉద్యోగంలోంచి తీసేస్తారు, అంతే కదా అని కూడా అనుకున్నాను. ఇన్ని అనుకుని నేను పైకి అన్నది 'సరే అన్నా' అని.

స్కూటర్ సీటు మీద ఫారం పెట్టి రాశాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది. పదో తరగతి దాకా చదివిన మనిషి, నేను రాస్తున్న పేరు అక్షరం తర్వాత అక్షరం చదివింది. పేరు ఎప్పటిలాగే గుండ్రంగా, వరస తప్పకుండా వచ్చింది.

"దస్తూరి మంచిగున్నది సారూ," అంది.

తర్వాత వెనక్కి తిరిగి ముఠా వాళ్ళని పిలిచింది. "నడువుండ్రే. ఒక్క మడన్న అయితది." వాళ్ళలో ఒకామె నన్ను ఏదో అనబోతే ఈమె చెయ్యి పట్టి లాక్కుపోయింది. నామినేషన్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ ఎన్నికలో ఇండిపెండెంటుగా ఆమె రెండో స్థానంలో వచ్చింది. యాభై కార్ల వాడి భార్య మూడో స్థానంలో వచ్చింది. ఇద్దరి ఓట్లు కలిపితే మేం హాయిగా గెలిచేవాళ్ళం. గెలిచింది అవతలి పార్టీ. మా అధ్యక్షుడు ఓటమికి కారణం తిరుగుబాటు అభ్యర్థి అని ప్రెస్ నోట్ పంపమన్నాడు. అది కూడా నేనే రాశాను. పరిశీలకుణ్ణి ఇంకో జిల్లాకి పంపేశారు.

తర్వాత అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. అవతలివాళ్ళ మీద జనానికి అప్పటికి విసుగు పుట్టింది. వాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు, మండలాఫీసుల్లో పనులు ఆగిపోయాయి, వాళ్ళ నాయకుల బంధువుల పెత్తనం ఊళ్ళకి వచ్చింది. జనం వాళ్ళని దించాలనుకున్నారు. ఎదురుగా ఉన్న గుర్తు మాది ఒక్కటే కాబట్టి దాని మీద నొక్కారు. బాబూ, మేం లేచింది అలాగ. విజయోత్సవ సభలో వేదిక మీద కుర్చీలు ఈసారి నలభై దాటాయి. మొదటి వరసలో యాభై కార్ల మనిషి కూర్చున్నాడు.

ఫలితాలొచ్చిన వారానికి బూత్‌ల వారీ కాగితాలు ఆఫీసుకి వచ్చాయి. ఈసారి తాడు నేనే విప్పాను. ఆ మండలంలో అన్ని బూత్‌లూ గెలిచాం. ఒక్క ఆమె బూత్‌లో ఓడాం. తర్వాత తెలిసింది, ఆమె మాకు వ్యతిరేకంగా ఎవరికీ ఏమీ చెప్పలేదట. పోలింగ్ రోజు తన ఓటు వేసేసి ముఠాతో పత్తి ఏరడానికి పోయిందట. మేమంతా ఓడిన ఏడు కూడా బతికున్న ఒకే ఒక్క బూత్‌ని, మేం గెలిచిన ఏడు పోగొట్టుకున్నాం. ఆ కాగితం అధ్యక్షుడికి చూపిస్తే, రాష్ట్రమంతా గెలిస్తే ఒక్క బూత్ గురించి ఏడుస్తావేంది అన్నాడు. ఆ నెలాఖరుకే నేను పని మానేశాను.

కాబట్టి పిల్లలూ, మీరు మళ్ళీ లేస్తారా అంటే లేస్తారు. దానికి మీరేం చెయ్యనక్కర లేదు. మా వాళ్ళు కుర్చీలో కూర్చుని మీ కోసం ఆ పని చేసి పెడుతున్నారు. ఇంకో నాలుగేళ్ళు ఓపిక పట్టి, జనానికి మా మీద విసుగు పుట్టగానే వేదిక మీద కుర్చీలు సర్దుకోండి. నేను చెప్పగలిగిన వ్యూహం ఇదే. అలా లేచినదాన్ని లేవడం అంటారో లేదో మీరే తేల్చుకోండి. నాకైతే చెప్పాలంటేనే విసుగ్గా ఉంది.

మొన్న నెల మా కోడలి కులం సర్టిఫికెట్ పని మీద అదే మండలాఫీసుకి పోయాను. వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు ముసలమ్మలు. తప్పించుకుపోదామని ఆలోచించాను కానీ ఆమె చూడనే చూసింది.

"బాగున్నవా సారూ," అంది. "వీళ్ళ పింఛన్లు ఎనిమిది నెలల సంది ఆగినయి. అప్పుడు వాళ్ళ మీద కొట్లాడితిమి. ఇప్పుడు గవర్నమెంటు మీ పార్టీదే ఆయె. ఇగ మీ మీద కొట్లాడాలె."

నేను తప్పు చేశాను చెల్లె అన్నాను. ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్న మాట అది. ఆమె ఫర్వాలేదని అనలేదు. నా ముఖం చూసి, చేతిసంచిలోంచి తెల్ల కాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టింది.

"మండలాఫీసరుకు దరఖాస్తు రాయాలె. నీ దస్తూరి మంచిగుంటది గద, రాసియ్యి."

బెంచీ మీద కూర్చుని రాశాను. ఎనిమిది నెలలని రాశాను, ఎన్నిసార్లు తిరిగారో రాశాను, ఎవరు ఏమని తిప్పి పంపారో ఆమె చెప్పినట్టే రాశాను. ఎక్కడా తేదీ మార్చలేదు. ఇరవై ఆరేళ్ళు ఏ పార్టీకి ఉత్తరాలు రాశానో ఆ పార్టీ ప్రభుత్వం మీద ఫిర్యాదు రాసి ఆమె చేతికిచ్చాను. ఆమె ఆసాంతం చదువుకుని ముసలమ్మల చేత వేలిముద్రలు వేయించి లోపలికి తీసుకుపోయింది.

నా చేత్తో నేను నిజం రాసిన కాగితాలు మొత్తం మూడు. పదకొండు పేజీల నివేదిక పార్టీ ఆఫీసు బీరువాలో ఉంది. ఆమె పేరు రాసిన బీ-ఫారం మా ఇంటి బీరువాలో ఉంది. మూడోదానికి మా గవర్నమెంటు నుంచి ఇంకా జవాబు రాలేదు.